మంచం దిగమన్న వైద్యం: కీళ్లు, కండరాల చికిత్స నడిచివచ్చిన దారి



నడుము నొప్పితో వచ్చిన రోగికి నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఇచ్చిన సలహా ఒక్కటే. "పరుపు తీసేసి చెక్కబల్ల మీద మూడు వారాలు పడుకోండి. అత్యవసరమైతే తప్ప లేవవద్దు." మా గురువులు మాకు నేర్పినది అదే, వారికి వారి గురువులు నేర్పినదీ అదే. గోదావరి డెల్టాలోని ఒక తాలూకా ఆసుపత్రిలో పనిచేస్తున్నప్పుడు ఒకే వారంలో ఇద్దరికి ఈ సలహా ఇచ్చాను. ఒకరు బడిపంతులు, మరొకరు కౌలు రైతు. రైతు నా మాట పూర్తిగా విని, "కాలవకు నీళ్లొదిలారండి. నేను మంచమెక్కితే నాట్లెవరు చూస్తారండీ?" అని మెల్లగా అడిగి వెళ్లిపోయాడు. అయిదో రోజునే గట్టు మీద నిలబడి నాట్లు వేయించాడట. నెల తరువాత మనుమరాలి జ్వరం చూపించడానికి వచ్చినప్పుడు నడుము సంగతి అడిగితే, "అదెప్పుడో పోయిందండి" అన్నాడు. పంతులుగారు మాత్రం నా మాటను తు.చ. తప్పకుండా పాటించారు. మూడు వారాలు పడుకున్నారు, నొప్పి పూర్తిగా పోలేదని మరో మూడు వారాలు పడుకున్నారు. ఆ తరువాత ఆయనకు ఆసుపత్రి మెట్లు ఎక్కడమే కష్టమైంది. వంగితే వెన్ను విరిగిపోతుందేమోనన్న భయం ఆయనను చాలాకాలం వదలలేదు.

మాట వినని రోగి బాగుపడి, విన్న రోగి దెబ్బతిన్నాడు. ఆ ఇద్దరినీ చూసి ఒక నిర్ణయానికి రావడం శాస్త్రం కాదు. అయితే ఆ సందేహం నన్ను వెంటాడింది. విశ్రాంతి అన్న మందు వైద్యంలోకి ఎలా వచ్చింది, ఎందుకు అంతకాలం నిలిచింది, కదలికే చికిత్స అని వైద్యులు ఎప్పుడు ఒప్పుకున్నారు అన్న చరిత్రను తరువాత కొంత చదివాను. నేడు ఫిజియోథెరపీ అని మనం పిలిచే చికిత్స వెనుక ఉన్న కథ అదే.

పాతవారికి తెలిసిన సంగతి

కదలికతో వైద్యం చేయడం కొత్త ఆలోచన కాదు. సుశ్రుత సంహిత చికిత్సా స్థానంలో విరిగిన ఎముకలకు వైద్యం చెప్పే అధ్యాయం ఉంది. అరచేతి ఎముక విరిగినవాడు కోలుకునేటప్పుడు మొదట మట్టిముద్దను, తరువాత ఉప్పుగడ్డను, చేతికి బలం వచ్చాక రాతిని పట్టుకోవాలని అందులో ఉంది. మెత్తని దానితో మొదలుపెట్టి, శక్తి పెరిగిన కొద్దీ గట్టిదానికి, బరువైనదానికి పోవాలన్న సూత్రం ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఈ సూత్రం మరో పేరుతో మళ్లీ వచ్చింది. ఆ సంగతి ముందు చెబుతాను.

గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు పేరిట నిలిచిన గ్రంథాలలోనూ కీళ్లకు మర్దన చేయడం గురించి, తప్పిన కీలును లాగి సరిచేయడం గురించి చెప్పారు. మన పల్లెలలో నూనె మర్దన, కాపడం, తప్పిన కీలు సరిచేసే అనుభవజ్ఞులు తరతరాలుగా ఉన్నారు. పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగువారు తక్కువ. ఆకుపసరు కట్టు అయినా, ఆసుపత్రిలో వేసే సిమెంటు కట్టు అయినా వైద్యుడి ముందు నిలిచే ప్రశ్న ఒకటే. ఎముక అతకాలంటే కదలకూడదు. కీలు బిగుసుకోకుండా ఉండాలంటే కదలాలి. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలి? కండరాలు, కీళ్ల వైద్య చరిత్రలో జరిగిన వాదమంతా ఈ గీత గురించే.

స్వీడన్ కత్తిసాము గురువు

వ్యాయామాన్ని ఒక పద్ధతిగా కూర్చి, దానికి ఒక విద్యాలయం ఏర్పరచినవాడు వైద్యుడు కాడు. స్వీడన్ దేశస్థుడైన పెర్ హెన్రిక్ లింగ్ కత్తిసాము నేర్పే గురువు. సాధన వల్ల తన చేతి నొప్పి తగ్గిందని గమనించిన తరువాతనే ఆయన దృష్టి వ్యాయామం వైపు మళ్లిందని చెబుతారు. 1813లో ప్రభుత్వ సహాయంతో స్టాక్‌హోంలో ఆయన వ్యాయామ విద్యాసంస్థను స్థాపించాడు. అక్కడ సైనికులకు, బడి పిల్లలకు నేర్పే వ్యాయామాలతోపాటు రోగులకు చేయించే వ్యాయామాలు కూడా ఒక శాఖగా ఉండేవి. రోగి తానుగా చేసే కదలిక, చికిత్సకుడు రోగి అవయవాన్ని కదిలించడం, రోగి కదుపుతుంటే చికిత్సకుడు ఎదురు బలం పెట్టడం అని వాటిని విడదీశారు. నేటికీ ఫిజియోథెరపీలో ఈ మూడు రకాలూ ఉన్నాయి. ఆనాటి వైద్యులలో చాలామందికి ఈ సాముగరిడీల వైద్యం నచ్చలేదు. అయినా స్టాక్‌హోంలో నేర్చినవారు ఈ విద్యను యూరప్ నగరాలకు తీసుకుపోయారు.

విశ్రాంతి గెలిచిన శతాబ్దం

అదే పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో దీనికి పూర్తిగా ఎదురైన వాదం బలపడింది. 1863లో జాన్ హిల్టన్ అనే శస్త్రవైద్యుడు విశ్రాంతి, నొప్పి అన్న విషయం మీద తన ఉపన్యాసాలను పుస్తకంగా ప్రచురించాడు. నొప్పి అన్నది విశ్రాంతి కోరే శరీర భాష అని ఆయన భావం. లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ దీనిని ఇంకా ముందుకు తీసుకుపోయాడు. ఆయనది తరతరాలుగా ఎముకలు కట్టే కుటుంబం, అంటే మన కట్టు వైద్యుల వంటి వంశం. చదివి పట్టా పొందిన థామస్, వ్యాధి సోకిన కీలుకు కచ్చితమైన, ఎడతెగని, దీర్ఘమైన విశ్రాంతి కావాలని బోధించాడు. అందుకోసం ఆయన రూపొందించిన లోహపు చట్రం నేటికీ థామస్ స్ప్లింట్ పేరుతోనే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో తొడ ఎముక విరిగిన ఎందరో సైనికుల ప్రాణాలను అది కాపాడింది.

ఇక్కడ థామస్‌కు అన్యాయం చేయకూడదు. ఆయన దగ్గరకు వచ్చిన కీళ్ల రోగులలో ఎక్కువమంది పిల్లలు, వారికి ఉన్నది క్షయ. తుంటికి, మోకాలికి, వెన్నుకు క్షయ సోకిన కాలమది. మందు లేదు. క్షయను లొంగదీసే తొలి మందైన స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని కనుగొనబడలేదు. చీము పట్టిన కీలును కదిలిస్తే వ్యాధి ముదురుతుంది. అటువంటి కీలుకు విశ్రాంతి ఇవ్వడం ఆనాటి పరిస్థితిలో సరైన పనే. పొరపాటు తరువాత జరిగింది. క్షయ సోకిన కీలుకు చెప్పిన సూత్రాన్ని అరిగిన మోకాలికి, బెణికిన మడమకు, పట్టేసిన నడుముకు కూడా వర్తింపజేశారు. మందు వచ్చి జబ్బు తగ్గుముఖం పట్టాక కూడా ఆ జబ్బు కోసం పుట్టిన నియమం మిగిలింది. నేను పంతులుగారికి ఇచ్చిన సలహాకు ఇదొక మూలం.

ఆ రోజులలోనే ఫ్రాన్సులో లుకా షాంపియోనియేర్ అనే శస్త్రవైద్యుడు దీనిని ఎదిరించాడు. విరిగిన ఎముకకు కూడా తగిన సమయంలో మృదువైన మర్దన, కదలిక ఇస్తే త్వరగా కోలుకుంటుందని, జీవమంటేనే చలనమని వాదించాడు. ఆయన మాట విన్నవారు కొద్దిమంది.

నలుగురు నర్సులు

మర్దన వైద్యానికి మరో చిక్కు వచ్చింది. 1890లలో లండన్‌లో మర్దన పేరుతో అనైతిక వ్యాపారాలు నడుస్తున్నాయని పత్రికలలో గొడవ లేచింది. నిజాయితీగా ఈ పని చేసే నర్సులు తలెత్తుకోలేని పరిస్థితి ఏర్పడింది. 1894లో నలుగురు నర్సులు పూనుకొని, శిక్షణ పొందిన మర్దన చికిత్సకుల సంఘాన్ని ఏర్పరచారు. పరీక్ష పెట్టారు, నియమావళి రాసుకున్నారు. 1920లో ఆ సంఘానికి రాజశాసనం లభించింది. 1944లో అది ఫిజియోథెరపీ సంఘంగా పేరు మార్చుకుంది. నేడు మన ఊళ్లలో కనిపించే ఫిజియోథెరపిస్టు వృత్తికి పునాది వేసినవారిలో తమ పని గౌరవాన్ని కాపాడుకోవాలనుకున్న ఈ స్త్రీలు ముఖ్యులు.

మొదటి ప్రపంచ యుద్ధం ఈ వృత్తిని పెంచింది. గాయపడి బతికిన లక్షలాది యువకులకు చేయి మళ్లీ పట్టుకోవాలి, కాలు మళ్లీ నడవాలి. కత్తి, కుట్టు పని ముగిసిన చోట అసలు పని మొదలవుతుందని సైనిక ఆసుపత్రులు తెలుసుకున్నాయి.

పోలియో నేర్పిన పాఠం

ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో పోలియో పిల్లల కాళ్లను తీసుకుపోయింది. ఆనాటి పద్ధతి ప్రకారం పోలియో సోకిన పిల్లవాడి కాళ్లను నెలల తరబడి చట్రాలలో, సిమెంటు కట్లలో బిగించేవారు. బలమున్న కండరం బలహీనమైన దానిని లాగి అవయవాన్ని వంకర చేస్తుందన్నది వారి భయం. ఆస్ట్రేలియాకు చెందిన ఎలిజబెత్ కెన్నీ ఈ కట్లను విప్పేసింది. వేడినీటిలో ముంచి పిండిన ఉన్నిగుడ్డలను కండరాలకు చుట్టి, నొప్పి తగ్గాక మెల్లగా అవయవాన్ని కదిలిస్తూ, ఏ కండరం ఏ పని చేయాలో పిల్లలకు తిరిగి నేర్పేది. ఆమెకు నర్సింగ్ పట్టా లేదు. మొదటి యుద్ధకాలపు సైనిక సేవలో వచ్చిన "సిస్టర్" అన్న హోదాయే ఆమె పేరు ముందు నిలిచింది. క్వీన్స్‌లాండ్‌లో వేసిన విచారణ సంఘం 1938లో ఆమె పద్ధతిని తిరస్కరించింది. 1940లో ఆమె అమెరికా వెళ్లింది. 1942లో మినియాపొలిస్‌లో ఆమె పేరుతో చికిత్సాలయం వెలిసింది.

పోలియో ఎలా వస్తుందన్న విషయంలో కెన్నీ చెప్పిన సిద్ధాంతం నిలవలేదు. వ్యాధి నరాల కణాలలో ఉంటుంది, ఆమె అనుకున్నట్టు కండరంలో కాదు. అయినా కట్లు విప్పి కదిలించడం మాత్రం నిలిచింది. కారణం తప్పుగా చెప్పినా చికిత్స సరైనది కావచ్చునని, కారణం సరిగ్గా చెప్పిన పెద్దలు చికిత్సలో తప్పవచ్చునని ఈ కథ మా వంటి వైద్యులకు గుర్తుచేస్తుంది.

మన దేశంలో

మన దేశంలో ఈ విద్యకు దారి తీసినదీ పోలియోయే. 1950ల మొదట్లో బొంబాయిలో పోలియో విజృంభించిన తరువాత, ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో 1953లో అక్కడి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ పాఠశాల ప్రారంభమైంది. 1955లో భారత ఫిజియోథెరపిస్టుల సంఘం ఏర్పడింది.

దక్షిణాన వెల్లూరులో మరో దారి పడింది. చిత్తూరు జిల్లా నుంచి వైద్యం కోసం వెల్లూరు పోవడం మనవారికి ఎప్పటినుంచో ఉన్న అలవాటు. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివరలో కుష్ఠు వ్యాధితో వంకరపోయిన వేళ్లకు శస్త్రచికిత్స మొదలుపెట్టాడు. పనిచేస్తున్న కండరపు స్నాయువును తీసి, చచ్చుబడిన కండరం చేయవలసిన పనికి అమర్చడం ఆ పద్ధతి. కానీ స్నాయువును మార్చినంత మాత్రాన వేలు వంగదు. కొత్త పనిని ఆ కండరానికి వారాల తరబడి సాధనతో నేర్పాలి. కత్తి పనిలో సగమే ఉందని, మిగతా సగం వ్యాయామంలో ఉందని అక్కడ నిరూపణ అయింది.

అక్కడే పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడింది. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. తరువాత న్యూయార్క్‌లో పునరావాస వైద్యంలో శిక్షణ పొంది వచ్చి, వెల్లూరులో ఆ శాఖను నడిపింది. 1966లో అక్కడ పునరావాస కేంద్రం తెరిచారు. 1972లో ఆమెకు పద్మశ్రీ లభించింది.

మన తెలుగునాట నా ఉద్యోగకాలమంతా పోలియో కాళ్లతో పాకుతూ ఆసుపత్రికి వచ్చిన పిల్లలను చూశాను. విశాఖపట్నానికి చెందిన డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావుగారు ఊరూరా శిబిరాలు పెట్టి అటువంటివారికి శస్త్రచికిత్సలు చేశారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చి 27న పోలియో రహితమన్న ధ్రువీకరణ అందింది. పోలియో పోయింది. దాని కోసం పెరిగిన విద్య ఇప్పుడు మన మోకాళ్లకు, నడుములకు, పక్షవాతం వచ్చినవారికి పనికివస్తోంది.

మంచం మీద విచారణ

ఇక నడుము నొప్పి సంగతికి వస్తాను. 1934లో అమెరికా వైద్యులు మిక్స్టర్, బార్ వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు జారి నరాన్ని నొక్కడం వల్ల కాలిలోకి నొప్పి పాకుతుందని చూపించారు. అది గొప్ప ఆవిష్కరణ. కానీ ఆ తరువాత ప్రతి నడుము నొప్పికీ డిస్కే కారణమని, డిస్కు లోపలికి పోవాలంటే పడుకోవాలని ఒక నమ్మకం పెరిగింది.

1947లోనే రిచర్డ్ ఆషర్ అనే బ్రిటిష్ వైద్యుడు మంచం ఎక్కడంలోని ప్రమాదాలను వివరిస్తూ వ్యాసం రాశాడు. కాళ్లలో రక్తం గడ్డకట్టడం, ఒరిపిడి పుండ్లు, కండరాలు క్షీణించడం, ఎముకల్లో సున్నం తగ్గడం, మలబద్ధకం, మనసు కుంగడం, ఇవన్నీ మంచం ఇచ్చేవేనని చెప్పాడు. 1966లో డల్లాస్‌లో ఆరోగ్యవంతులైన అయిదుగురు ఇరవై ఏళ్ల యువకులను మూడు వారాలు మంచం మీద ఉంచి పరీక్షించారు. ముప్పై ఏళ్ల తరువాత అదే అయిదుగురిని మళ్లీ పరీక్షించారు. ముప్పై ఏళ్ల వయసు వారి శ్రమశక్తిని తగ్గించినదానికంటే, ఆనాటి మూడు వారాల మంచం ఎక్కువ తగ్గించిందని తేలింది.

1986లో అమెరికాలో డాక్టర్ రిచర్డ్ డేయో బృందం 203 మంది నడుము నొప్పి రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు రెండు రోజులు, మరొక జట్టుకు ఏడు రోజులు విశ్రాంతి చెప్పింది. రెండు రోజుల జట్టువారు పని మానిన రోజులు 45 శాతం తక్కువ. ఇతర విషయాలలో తేడా లేదు. 1995లో ఫిన్లండ్‌లో హెల్సింకి నగర ఉద్యోగులు 186 మందిని మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు రెండు రోజుల మంచం, మరొకదానికి వెన్ను వ్యాయామాలు, మూడోదానికి ఓర్చుకోగలిగినంత మేరకు మామూలు పనులు చెప్పారు. త్వరగా కోలుకున్నది మామూలు పనులు చేసుకున్న జట్టు. ఆ ఫలితం చదివిన రోజున గట్టు మీద నిలబడిన ఆ కౌలు రైతు నా కళ్ల ముందు మెదిలాడు.

మట్టిముద్ద నుంచి మోకాలి దాకా

రెండో ప్రపంచ యుద్ధకాలంలో షికాగోలోని సైనిక ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ థామస్ డిలార్మ్, మోకాలికి గాయమై తొడ కండరం చిక్కిపోయిన సైనికులకు బరువులు ఎత్తించడం మొదలుపెట్టాడు. తేలికతో మొదలుపెట్టి, బలం పెరిగేకొద్దీ బరువు పెంచాడు. 1945లో దానిని ప్రచురించాడు. సుశ్రుతుని మట్టిముద్ద, ఉప్పుగడ్డ, రాయి వరుసలో ఉన్న సూత్రమే ఇది.

ఇది అరిగిన మోకాలికీ పనికివస్తుంది. 1997లో అరవై ఏళ్లు దాటిన 439 మంది మోకాలి అరుగుదల రోగులపై అమెరికాలో జరిగిన అధ్యయనంలో, నడక చేసినవారికీ, కండరాలకు బలం పెంచే వ్యాయామం చేసినవారికీ నొప్పి, ఇబ్బంది కొంత తగ్గాయి. "కొంత" అన్న మాటను నేను కావాలనే రాస్తున్నాను. వ్యాయామం అరిగిన మృదులాస్థిని తిరిగి పెంచదు. కీలు చుట్టూ ఉన్న కండరానికి బలమిచ్చి, కీలు మీద పడే భారాన్ని కండరం పంచుకునేలా చేస్తుంది. "గుజ్జు అరిగిపోయింది, నడిస్తే ఇంకా అరుగుతుంది" అని కుర్చీకే అంటుకుపోయేవారికి కండరం కూడా పోతుంది. అప్పుడు అరిగిన కీలుకు తోడు ఉండదు.

భుజం పట్టేయడం మరో సాధారణ బాధ. బోస్టన్ వైద్యుడు కాడ్మన్ 1934లో దీనికి "గడ్డకట్టిన భుజం" అన్న పేరు పెట్టాడు. మధుమేహం ఉన్నవారిలో ఇది ఎక్కువ. ముందుకు వంగి, మంచి చేతిని బల్ల మీద ఆనించి, బాధపడే చేతిని బావిలో చేదలా వేలాడదీసి మెల్లగా ఊపే వ్యాయామానికి ఆయన పేరే ఉంది. ఇది త్వరగా తగ్గే జబ్బు కాదు, చాలామందికి ఏడాదికి మించి పడుతుంది. ఆ కాలంలో కీలును బలవంతంగా విరవకుండా, వదిలేయకుండా రోజూ కొంచెం కదిలించడమే చేయవలసినది.

కరెంటు పెట్టించుకుంటే సరిపోతుందా?

మన ఊళ్లలో ఫిజియోథెరపీ అంటే "కరెంటు పెట్టించుకోవడం" అని వాడుక. పది రోజులు కరెంటు పెట్టించుకొని, వ్యాయామాల కాగితాన్ని మడిచి అలమరలో పెట్టేవారిని ఎందరినో చూశాను. వేడి, కరెంటు, మర్దన నొప్పిని కాసేపు తగ్గించవచ్చు. ఆ కాసేపు కదలడానికి దొరికిన అవకాశం. అందులో కదలకపోతే వాటి వల్ల ఒరిగేది తక్కువ. రెండు వందల ఏళ్ల ఈ చరిత్రలో నిలిచినది రోగి తానుగా చేసిన కదలికే.

అలాగని అన్ని నొప్పులకూ కదలమని చెప్పను. థామస్ కాలపు పాఠం మరువరాదు. నొప్పితోపాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్ర పట్టనీయని నొప్పి, కీలు ఎర్రగా వేడిగా వాయడం, పడిన తరువాత కాలు మోపలేకపోవడం, పాదం పట్టు తప్పడం ఉంటే ముందు వైద్యునికి చూపించుకోవాలి. మూత్రం, మలం మీద అదుపు పోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా ఒక్క పూట కూడా ఆగవద్దు. వెన్ను క్షయ నేటికీ మన దేశంలో ఉంది.

ఇవేవీ లేని మామూలు నొప్పికి ఒక సులువైన కొలత చెబుతాను. వ్యాయామం చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఉండవచ్చు. అది మరుసటి రోజుకు మామూలు స్థాయికి వస్తే ఆ మోతాదు సరైనది. మరునాడు కూడా ఎక్కువగానే ఉంటే మానవద్దు, తగ్గించండి.

నాకిప్పుడు డెబ్బై దాటాయి, రెండు మోకాళ్లూ అరిగాయి. ప్రతి ఉదయం కుర్చీలో కూర్చొని ఒక్కో కాలును ముందుకు నిటారుగా చాచి, అయిదు లెక్కపెట్టి దించుతాను. ఒక్కో కాలికి పదిసార్లు. ఆ తరువాత వీధి చివరి దాకా నడిచి వస్తాను. మోకాళ్లు కొత్తవి కాలేదు. కానీ మెట్లు ఎక్కుతున్నాను. ఆనాడు పంతులుగారికి ఈ మాట చెప్పే జ్ఞానం నాకు లేదు. మీకు చెప్పే అవకాశం దొరికింది గనుక చెబుతున్నాను. మీ ఇంట్లో నడుము నొప్పితోనో మోకాళ్ల నొప్పితోనో మంచానికి అంటిపెట్టుకున్నవారు ఉంటే, పైన చెప్పిన ప్రమాద సూచనలు లేవని నిర్ధారించుకొని, ఈ రోజు వారిని చేయి పట్టి గుమ్మం దాకా నడిపించండి.